చిలకలపూడి గేటు దాకా అరగంటలో

డాక్టరుగారు నడవమన్నారు. నాకు నడక పడదు, ఏదైనా గబగబా అయిపోవాలి. అందుకని పరుగు మొదలుపెట్టాను. తొంభైల చివర్లో బందరులో చుడీదారు, కాన్వాసు బూట్లు వేసుకుని ముప్పై ఎనిమిదేళ్ల లెక్కల టీచరు పొద్దున్నే పరుగెడుతుంటే జనం ఊరుకుంటారా? సైకిళ్లాపి మరీ ఎవరికి బాగోలేదని అడిగారు. ఒకాయనైతే వెనక కూర్చోండి, ఆసుపత్రి దగ్గర దింపుతానన్నాడు.

మా ఇంటి నుంచి చిలకలపూడి రైల్వే గేటు దాకా వెళ్లి రావాలి. మొదటిరోజు నలభై ఒక్క నిమిషాలు పట్టింది. నోటుబుక్కులో రాసుకున్నాను. అరగంటలోపు రావాలని పంతం పట్టాను. రెండు నెలలకి ముప్పై మూడుకొచ్చి, ఇక దిగనంటే దిగనంది.

కారణం నాకు తెలుసు. దారిలో ఒక తాతగారు. ఏళ్ల తరబడి రోల్డు గోల్డు గొలుసులు చేసి చేసి చూపు మందగించి, పని మానేసి అరుగు మీద కూర్చునేవారు. నా బూట్ల చప్పుడు వినగానే ఆపేవారు. ఇవాళ ఏం కూర, బళ్లో పిల్లలు చదువుతున్నారా అని అన్నీ అడిగి, చివర్న ఆ సామెత వదిలేవారు: "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలమ్మా." రోజూ మూడు నిమిషాలు హరీ. వాచీ ఆపొచ్చుగా అంటారేమో. అది దొంగ లెక్క. పిల్లలు చేస్తే సున్నా వేసేదాన్ని.

ఒకరోజు చెప్పాపెట్టకుండా దారి మార్చేశాను. వెనక వీధి, దూరం అంతే. పదో రోజున ఇరవై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు! వీధంతా వినపడేలా మా ఆయనకి చెప్పాను. ఆయన పేపరు దించకుండా, దేశానికి మంచిరోజులొచ్చాయన్నారు.

మర్నాడు ఆదివారం. ఎనిమిదిన్నరకి గేటు చప్పుడైంది. చూస్తే తాతగారు, చేతికర్రతో. టీచరమ్మ ఇల్లెక్కడని అడుగుతూ వచ్చారట. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. కూర్చోమన్నా వినకుండా ముందు మంచినీళ్లిమ్మన్నారు. గ్లాసెడూ నిలబడే తాగారు.

"పది రోజులైంది, నీ బూట్ల చప్పుడు లేదు. కాలో చెయ్యో విరిగిందేమోనని వచ్చానమ్మా. బాగానే ఉన్నావుగా?"

సిగ్గుతో చచ్చిపోయాను. బళ్లో పరీక్షలండీ అని అబద్ధమాడాను. పాపం, నమ్మారు. ఎప్పుడు బయల్దేరారని అడిగితే ఏడింటికన్నారు. అది నాకు ఎనిమిది నిమిషాల దారి.

సోమవారం పాత దారినే వెళ్లాను. కూర దగ్గర్నుంచి సామెత దాకా అన్నీ విన్నాను. ఇంటికొచ్చి ముప్పై మూడు అని రాసుకున్నాను. పై వరసలో ఉన్న ఇరవై తొమ్మిదీ నలభై పక్కన ఎర్రసిరాతో పెద్ద సున్నా వేశాను.