పైడమ్మ పిన్ని, రక్తపింజరి

న్యూ టౌన్‌లో మా పక్క ఫ్లాట్ వాళ్ల కుక్కర్ విజిల్ వెయ్యబోయే ముందు కాసేపు బుస్సుమంటుంది. ఆ చప్పుడుకి నా చేతిలో పని ఆగిపోతుంది. ఇరవై రెండేళ్ల వయసులో గార్డెన్ రీచ్ కలప గోదాములో హాజరు, దుంగల లెక్క రాసే పనికి చేరిన రోజులు, పైడమ్మ పిన్ని గుర్తొస్తాయి.

ఆమె మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి, బెంగాల్‌కి, పెళ్లై వచ్చి, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, గోదాము ఆవరణలో గడ్డి కోస్తూ బతికేది. మా వీధి మనిషి కనుక పిన్నీ అనేదాన్ని. బెంగాలీలు చంద్రబోడా అనే పాము, మన రక్తపింజరి, ఎలుకల కోసం ఆ దుంగల మధ్యకి వచ్చేది. ఒక వానాకాలం ఉదయం పిన్ని నన్ను పిలిచి, దూరంగా నిలబెట్టి, దుంగల సందులోకి చూడమంది. ఒంటి నిండా గొలుసులాంటి మచ్చలున్న లావుపాటి పాము. దాని పక్కన తడితడిగా బోలెడు పిల్లలు.

"గుడ్లేవి పిన్నీ?"

"దీనికి గుడ్లేటి? పిల్లల్నే కంటాది. పుట్టినకాడి నుంచీ విషమే. సిన్నవి కదా అని ముట్టుకోకు."

కూలీలు కర్రలు తెస్తే అడ్డం నిలబడింది. అటవీశాఖ వాళ్లు వచ్చి పట్టుకెళ్లేదాకా కదల్లేదు. "ముందు బుస కొడతాది. నానున్నాను, ఇటు రాకు అని సెప్పడమే అది. మనం ఇనాల," అంది.

రెండు నెలలు తిరక్కుండానే నేను వినలేదు. చెవుల్లో పాటలు పెట్టుకుని, దుంగల నంబర్లు రాసుకుంటూ గడ్డిలో అడుగేశాను. మడమ పైన నిప్పంటుకున్నట్టయింది. అక్కడే పనిచేసే మా నాన్న తాడు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మంత్రం వేసే ఓఝా దగ్గరికి తీసుకెళదామన్నాడు.

"తాడు పారెయ్యి బావా. కట్టొద్దు, కొయ్యొద్దు, గుంటని నడిపించొద్దు. బేగి ఆటో పిలువు."

వాపు రాకముందే నా కాలి వెండి పట్టీ తీసేసింది. ఆటోలో నా కాలిని కదలకుండా ఒళ్లో పట్టుకుంది. ఆసుపత్రి చేరేసరికి నా చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. విషానికి విరుగుడు మందు పడ్డాక కూడా మూడు రోజులు డాక్టర్లు ఏ మాటా ఇవ్వలేదు. నాలుగో రోజు, కమలాపండు ఒలుస్తున్న పిన్నిని ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

"మీ బాబాయిని కరిసినప్పుడు తాడు నానే కట్టినాను, గట్టిగా. పొద్దుకూకేదాకా ఓఝా కాడే కూకున్నాం. ఆయన పోయినాక డాక్టరమ్మ కాడికెళ్లి, ఏటి సేసుండాల్సిందో అడిగినాను."

"ఆ పాముల్ని చంపాలనిపించలేదా?"

"దాని భయం దానిది. నాకు తెలీకపోడమే నా తప్పు," అని తొనలు నా చేతిలో పెట్టింది.

పిన్ని పోయి మూడేళ్లయింది. మొన్న మా ఆఫీసులో ఒకతను మూర్ఛతో పడిపోయాడు. తాళాల గుత్తి చేతిలో పెట్టండని అందరూ అరుస్తున్నారు. నేను వాళ్లని వెనక్కి జరిపి, అతన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా తల దగ్గరే కూర్చున్నాను. నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆటోలో నా కాలిని పట్టుకున్న ఆమె చేతులూ అలాగే వణికాయి. ఇన్నేళ్లూ అది గతుకుల రోడ్డు వల్ల అనుకున్నాను.