డ్రైవర్లు తినే హోటల్

విశాఖపట్నం చూడ్డానికి వచ్చేవాళ్లంటే ఎల్లాజీకి ఒళ్లు మంట. వాళ్ల మీదే బతకాలి గనక మంట ఇంకాస్త ఎక్కువ. రైలు దిగీ దిగకముందే ఎక్కడ తినాలి, ఎక్కడ దిగాలి, ఏం చూడాలి అని ఆటోవాణ్ణి అడుగుతారు. ఆటోవాడికేం తెలుసు? ఏ లాడ్జివాడు తనకు ఊరికే టీ పోస్తాడో, ఏ హోటల్‌వాడు అన్నం పెడతాడో తెలుసు. వాటినే ఊరికి గొప్పని చెబుతాడు. వాళ్లు తలూపి ఎక్కి కూర్చుంటారు. అలా నమ్మేవాళ్లను చూస్తే ఎల్లాజీకి మరీ చిరాకు.

చోడవరం దగ్గర పల్లెలో ఉన్న చెరకు తోట అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలైపోయాక అతను గాజువాక వచ్చాడు. ఆటోనగర్‌లో కొన్నాళ్లు వెల్డింగ్ పని చేశాడు. ఆ పొగ పడక ఆటో తోలడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచీ కైలాసగిరి, రుషికొండ, భీమిలి, ఇదే తిరుగుడు. సముద్రాన్ని చూడడం ఎప్పుడో మానేశాడు. ఇసుకలో కూరుకుపోయిన చిప్స్ కవర్లూ, పిల్లల డైపర్లూ, వాటి మధ్యే నిలబడి నవ్వుతూ ఫోటోలు దిగే జనమూ, ఇవే అతని కంటికి ఆనుతాయి. ఛీ, ఇదేం సరదా అనుకుంటాడు.

భీమిలి రోడ్డులో వీరేంద్ర అనేవాడికి చేపల హోటల్ ఉంది. బోర్డు చిన్నదే. ముందు వరసగా ఆగి ఉన్న ఆటోలే దానికి అసలు బోర్డు. డ్రైవర్లు తినేచోట తిండి బాగుంటుందని అందరికీ ఒక నమ్మకం కదా. వీరేంద్ర బతికేది ఆ నమ్మకం మీదే. బేరాన్ని తీసుకొచ్చిన డ్రైవర్‌కు వెనక పెరట్లో ఊరికే భోజనం పెడతాడు. అక్కడ పోతమ్మ అనే ముసలామె, ఆ పొద్దున పడవ దిగిన కవళ్లు, ఆ చిన్న చేపలు, తెచ్చి చింతపండు పులుసు పెడుతుంది. ముందు హాల్లో కూర్చున్నవాళ్లకు మాత్రం ఐసు పెట్టెలో మగ్గిన చేప. దాన్ని నిమ్మకాయతో రుద్ది, ఎర్రరంగు పూసి, కంపు తెలియకుండా వెల్లుల్లి దట్టించి వేయిస్తారు. ఎల్లాజీ ఒకసారి నీళ్ల కోసం ఆ వంటింట్లోకి వెళ్లి, తొట్టిలో ముక్కల మీద తేలుతున్న జిగురు నురగ చూసి, బయటికొచ్చి గోడవార కక్కుకున్నాడు. మర్నాడు మళ్లీ అక్కడికే బేరం తీసుకెళ్లాడు. పోతమ్మ పులుసు అంత బాగుంటుంది మరి. ఆ పులుసు ఆఖరి ముద్ద దగ్గర తన మీద తనకే రోత పుడుతుంది. అయినా వేళ్లు నాకుతాడు.

ఆ ఆదివారం అతని ఆటోలో నంద్యాల నుంచి వచ్చిన గురునాథరావు మాస్టారు, ఆయన భార్య రోజారమణి, నాలుగేళ్ల కూతురు హేమశ్రీ ఉన్నారు. వీళ్లను అసహ్యించుకుందామన్నా కుదరలేదు. తాము తాగేముందు అతనికి మంచినీళ్లిచ్చారు. రోప్‌వే ఎక్కేటప్పుడు తోడు రమ్మని లాక్కెళ్లారు. పిల్లయితే మామా, మామా అంటూ ముందు సీట్లో అతన్ని ఆనుకునే కూర్చుంది. రైల్లో ఏదో తిని వాంతులు చేసుకున్న పిల్ల అది. అప్పట్నుంచీ తల్లి పెరుగన్నం తప్ప మరొకటి పెట్టలేదు. మధ్యాహ్నం ఆకలవుతోందని మాస్టారు అనగానే, ఎల్లాజీ చేతులు వాటంతటవే హ్యాండిల్‌ను ఆ హోటల్ వైపు తిప్పాయి. పాడు అలవాటు.

వాళ్లను హాల్లో దింపి అతను పెరటి దారి పట్టబోయాడు. గురునాథరావు భుజం పట్టుకున్నాడు.

"యాడికి పోతాండారన్నా? మాతోనే కూర్చోండి."

"నాను ఎనకాల తింతాను సార్. డైవర్లకి అక్కడే."

"వద్దొద్దు. మీరు కూర్చోకపోతే మేమూ తినం."

కౌంటర్ దగ్గర వీరేంద్ర నవ్వాడు. "కూకో బావా. సార్ అంత ఇదిగా పిలత్తంటే ఏటి నీ మొహమాటం?" అన్నాడు. నోరే నవ్వింది, కళ్లు నవ్వలేదు.

ప్లేట్లు వచ్చాయి. ఎర్రటి ముక్కలు నూనెలో మెరుస్తున్నాయి. హేమశ్రీ పెరుగన్నం తోసేసి ఆ ఎర్రముక్క కావాలని చెయ్యి చాపింది. రోజారమణి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండు, మామ తిని చెప్పనీ. అన్నా, పాపకు పెట్టొచ్చునా? మీరు దినామూ తినే తావే కదా."

వద్దమ్మా, అంటే చాలు. ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. వీరేంద్ర ఇటే చూస్తున్నాడు. పెరట్లో తిండి పోతే పోనీ, అనుకున్నాడు ఎల్లాజీ. కానీ వద్దంటే, మరి ఇక్కడికెందుకు తెచ్చావని వాళ్లు అడగరా? అడిగాక ఈ పిల్ల తనను మామా అని పిలుస్తుందా? ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. పైన కరకర, లోపల మెత్తటి కుళ్లు. పంటి కింద పులుపు దిగి నాలుక చురుక్కుమంది. గుడ్లనీళ్లు తిరుగుతుంటే నీళ్లు తాగి మింగేశాడు.

"బాగుందమ్మా," అన్నాడు.

రోజారమణి ముళ్లు ఏరి, ముక్కను ఊదీ ఊదీ పిల్ల నోట్లో పెట్టింది. హేమశ్రీ నమిలింది. ఎల్లాజీ వైపు చూసి నవ్వి, ఇంకో ముక్కకు నోరు తెరిచింది.