అంగీ అంచులు కొరికిందెవరు?

ఈ సంగతి నేను రాసి పెట్టకపోతే, మా వాడ పిల్లలకు కామెర్లు తెచ్చింది ఎలుకలనీ, వాటిని పట్టి పిల్లలను కాపాడింది నేననీ అందరూ నమ్ముతూ పోతారు. అందులో మొదటి సగం తప్పు. రెండో సగం వినడానికి బాగుంటుంది గానీ అదీ తప్పే.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో ఒక ప్రాథమిక పాఠశాల ఎదురుగా నాకు చిన్న కుట్టు దుకాణం ఉండేది. ఏడో తరగతితో బడి చదువు ఆగింది. మిగతా చదువు ఆగలేదు. దుకాణం మూయగానే గ్రంథాలయానికి వెళ్లి, ఆరోగ్యశాస్త్రం బీరువాను పై అర నుంచి వరుసగా చదువుకుంటూ వచ్చాను. ఒకనాడు నా చేతిలో బాలింతల సంరక్షణ పుస్తకం చూసి గ్రంథపాలకుడు అడిగాడు.

"పెండ్లయిందా?"

"కాలేదు సార్."

"మరి గిదెందుకు?"

"వరుసల వచ్చింది సార్."

ఆ వానాకాలం బడిలో ఒకరి తర్వాత ఒకరికి కళ్లు పచ్చబడ్డాయి. మా దగ్గర దాన్ని పసిరికలు అంటారు. కొందరు పిల్లలను దవాఖానకు తీసుకుపోయారు. కొందరు పసరు తాగించడానికి వర్ధన్నపేట బస్సెక్కించారు. అందరూ మెల్లగా కోలుకుంటున్నారు గానీ కొత్తవాళ్లు పడుతూనే ఉన్నారు. ఎందుకొస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. నల్లా నీళ్లు అనుకుందామంటే అవే నీళ్లు మేమూ తాగుతున్నాం.

హెడ్మాస్టరు గారికి మాత్రం అంతుపట్టింది. గేటు పక్కన గంప పెట్టుకొని జామపండ్లు, రేగుపండ్లు అమ్మే అవ్వే కారణమని తేల్చి, సోమవారం నుంచి అక్కడ కూర్చోవద్దన్నారు. నేను పలక పట్టుకొని బడికి పోయిన రోజుల్లోనూ ఆమె అక్కడే కూర్చునేది. గంప నెత్తిన పెట్టుకొని వీధులు తిరగడానికి ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. ఆ గేటు పోతే ఆమెకు బతుకు లేదు.

నా దుకాణం మెట్ల మీద కూలబడి అవ్వ అడిగింది. "ఏం కొడుకా, లైబ్రరీల గన్ని బుక్కులు సదువుతవు. నా జాంపండ్ల గురించి ఏమన్న రాసిండ్రా?"

"విటమిన్లు ఉన్నయని రాసిండ్రు అవ్వా."

"గవేం జేస్తయి?"

"బలమిస్తయి."

"మరి గా సారు నా పండ్లే తిన్నట్టున్నడు. ఒక్క నూకుడుకు నన్ను రోడ్డు మీదికి నూకుతాండు."

ఎలాగైనా అసలు కారణం కనిపెట్టాలనుకున్నాను. సరిగ్గా ఆ వారమే కొందరు తల్లులు పిల్లల బడి అంగీలు మరమ్మతుకు తెచ్చారు. అన్నింటికీ ముందు అంచులో చిన్న చిన్న చిల్లులు, పోగులు లేచిపోయి ఉన్నాయి. ఎలుకలు మోసే ఒక జ్వరంలో కళ్లు పచ్చబడతాయని నేను మూడో అరలో చదివి ఉన్నాను. కొరికిన అంగీలు, పచ్చని కళ్లు! రెండింటినీ కలిపి చూసుకునేసరికి నాకు ఒళ్లు పులకరించింది. ఆ పులకింతలోనే ఎవరిదో లాగుకు రెండు కాళ్లూ కలిపి కుట్టేశాను.

ఇంటింటికీ తిరిగి ఎలుకల గురించి ఉపన్యసించాను. వాడంతా బోన్లు పెట్టారు. ఎరకు మిరపకాయ బజ్జీ మంచిదని ఎవరో అనడంతో ఇంటింటా బజ్జీలు వేగాయి. ఎర వేసిన వాటికంటే మనుషులు తిన్నవే ఎక్కువ. ఒక బోనులో పిల్లికూన పడింది. ఇంకో ఇంటి అక్క నన్ను ఆపి నిలదీసింది.

"తమ్మీ, నీ ఎల్క బజ్జీ తిన్నది, పోయేటప్పుడు తలుపు గూడ ఏసి పోయింది. గింత మర్యాద గల్ల ఎల్కను నేనెన్నడు సూడలె."

తన అనుమానం ఇంటాయన మీదేనని ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

ఈ సంబరం హెడ్మాస్టరు గారి దాకా పోయింది. ఆయన దుకాణానికి వచ్చి నా భుజం తట్టారు. "శభాష్. ఎల్కలు యాడ జేర్తయి? పండ్ల గంప కాడ. మంచి రుజువు దొరికిచ్చినవ్."

ఆయన వెళ్లాక, మెట్ల మీద గంపతో కూర్చున్న అవ్వ నన్ను కింది నుంచి మీదికి చూసింది. "కొడుకా, నువ్వు నా దిక్కున్నవా, సారు దిక్కున్నవా?"

ఆ సాయంత్రం గ్రంథాలయానికి పోలేదు. అంగీలన్నీ బల్ల మీద పరిచి, పాఠకుడిగా కాక దర్జీగా చూశాను. ఎలుకకు ముందు వెనుకలు ఉండవు, కాలరైనా చేతులైనా దానికి ఒకటే. ఈ అంగీలకు వెనక అంచు చెక్కుచెదరలేదు. ముందు మాత్రమే, అదీ రెండు చేతులకు అందేచోట చిల్లులున్నాయి. చిల్లుల చుట్టూ జామకాయ మరకలు. పైగా అన్నీ నూలు అంగీలే, నున్నటి టెర్లిన్ గుడ్డది ఒక్కటీ లేదు.

అప్పుడే ఒక పిల్లవాడు తన అంగీ కోసం వచ్చాడు. కామెర్లు వచ్చి తగ్గినవాడే. వాణ్ని మాటల్లో పెడదామని అవ్వ గంపలోంచి ఒక జామకాయ ఇచ్చాను. వాడు వెంటనే బయట ఆడుకుంటున్న నేస్తాలను కేకేశాడు. బల్ల మీద ఉన్న తన అంగీ తీసుకొని, కాయను దాని అంచులో చుట్టి, గుడ్డ మీది నుంచే కరుక్కున కొరికి ముక్కలు చేశాడు. తలా ఒకటి పంచి నాకూ ఒకటి పెట్టాడు. నేను నోట్లో వేసుకున్నాక గుర్తొచ్చింది.

"ఎంగిలి పెడుతున్నవేందిరా?"

"ఎంగిలి గాదు మామా. అంగీ అడ్డం బెట్టిన గదా! కాకి ఎంగిలి."

"అందరు నీ అంగీతోనే కొరుకుతరా?"

"నూలు అంగీ ఎవనిదైతే వానిదే. టెర్లిన్‌దైతే నోట్ల పండ్లు జారుతయి మామా."

అంటూ ముక్కు తుడుచుకున్నాడు, చేతులు తుడుచుకున్నాడు. అన్నీ ఆ అంచుకే. మలంలోంచి చేతులకు, చేతుల నుంచి నోటికి చేరే కామెర్లు వేరే ఉన్నాయని ఆ మూడో అరలోనే, ఎలుకల పుస్తకం పక్క పుస్తకంలో చదివాను. ఎలుకల సంగతి ఆసక్తికరంగా ఉండడంతో అది మరుగున పడింది. నోట్లోని ముక్క అప్పటికే కడుపులోకి పోయింది.

సోమవారం బడి వరండాలో అందరూ చేరారు. పిల్లల కళ్లు చూడడానికి దవాఖాన నుంచి డాక్టరమ్మ కూడా వచ్చింది. అవ్వ గంపను ఒళ్లో పెట్టుకొని గోడకు ఆనుకుంది. నేను చెప్పిందంతా విని తల్లులు భగ్గుమన్నారు. "మా పిల్లలు ఎంగిలి ముట్టనే ముట్టరు!"

నేను పిల్లల వైపు తిరిగి, కాకి ఎంగిలి తినేవాళ్లెవరని అడిగాను. బడి మొత్తం గర్వంగా చేతులెత్తింది.

హెడ్మాస్టరు గారికి కోపం వచ్చింది. "అరే, కాకి ఎంగిలి ఎంగిలెట్లయితదయ్యా? నడుమ బట్ట ఉంటది గదా! మేం గట్ల తినే పెరిగినం."

డాక్టరమ్మ ఒక అంగీ అంచును రెండు వేళ్లతో ఎత్తి చూపింది. "దొడ్డికి పోయొచ్చిన చేతులు దీనికే తుడుస్తరు సార్. మల్ల అందరు దీన్నే కొరుకుతరు. బట్ట అడ్డం గాదు సార్, జబ్బుకు బస్సు. నీళ్లతోని గూడ రావచ్చు, ఇదొక్కటే అని నేను ఒట్టు పెట్టను. నీళ్లు కాచండి, సబ్బుతో చేతులు కడిగించండి. అవ్వను ఎల్లగొడితే రేపు బిస్కెట్లు గట్లనే కొరుకుతరు, అంతే."

హెడ్మాస్టరు గారు చాలాసేపు తన అంగీ అంచు వైపు చూసుకున్నారు. చివరికి అవ్వ ఉండొచ్చన్నారు, కాయలు కడిగి, కత్తితో ముక్కలు కోసి అమ్మాలన్నారు.

"కత్తి నేను దెస్త, సబ్బు సారు తేవాలె," అంది అవ్వ. అప్పటికే గంప గేటు వైపు జరుపుతోంది.

కొన్నాళ్లకు కొత్తగా కళ్లు పచ్చబడడం ఆగింది. నా పరిశోధన వల్లనా, కాచిన నీళ్ల వల్లనా అని అడిగితే, రావలసిన వాళ్లందరికీ వచ్చిపోయి కూడా ఉండొచ్చని డాక్టరమ్మ నవ్వింది.

ఇక కృతజ్ఞతలు. పేర్లు రాస్తే కొట్లాటలవుతాయి గనుక వరుసలతోనే చెబుతాను. రుజువును నా నోట్లోనే పెట్టిన నూలు అంగీ అల్లుడికి. బజ్జీలు వేయించిన అక్కలకూ, అవి తిని తలుపు మూసిన బావలకూ. ఒట్టు పెట్టని డాక్టరమ్మకు. పెళ్లికాని వాడికి బాలింతల పుస్తకం ఇచ్చిన గ్రంథపాలకుడికి. ప్రతి నెలా సబ్బు కొన్న హెడ్మాస్టరు గారికి. అందరికంటే ఎక్కువగా మా అవ్వకు. ఆమెను ఆ గేటు దగ్గరి నుంచి లేపింది చివరికి ఆమె మోకాళ్లే, మరెవరూ కాదు.