పలుపుతాళ్ళు ఇవ్వని ఇల్లు

నాకు అనుమానం ఎక్కువ. దాచుకుని లాభం లేదు. మేం గోదావరి వైపు నుంచి కన్నడ సీమకు వచ్చి జవళగేరలో కాలవ కింద వరి వేసుకుంటున్నాం. ఇన్నేళ్ళయినా ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీడికి నాతో ఏం పనిరా బాబూ అనుకుంటాను.

ట్రాక్టరు వచ్చాక మా ఎడ్ల జతకు పని లేకుండా పోయింది. లింగసుగూరు వైపు మెట్ట రైతు ఒకతను కొంటానని వచ్చాడు. అక్కడ వాన పడిందట, నేలలో పదును ఆరేలోగా విత్తనం పడాలట. నాకు నమ్మకం కుదరలేదు. కాడి కట్టి చూపించమన్నాను. కట్టాడు, నాలుగు సాళ్ళు చక్కగా తోలాడు. అయినా నోరు ఊరుకుంటుందా?

"నిజంగా సేద్యానికేనా తమ్ముడూ?"

"ఏందన్నా, గిట్ల అడుగుతవ్? కసాయి కోతకియ్యనీకి గింత దూరం వస్తనా?" అన్నాడు. మొహం చిన్నబోయింది.

ఇవి సేద్యపు ఎడ్లేనని పంచాయతీలో కాగితం రాయించి ముద్ర వేయించాం. ఇక మా ఇంటి ఆనవాయితీ ఒకటుంది. ఎడ్లను అమ్మినా వాటి పలుపుతాళ్ళు మాత్రం ఇవ్వం, ఇస్తే ఇంటి కలిసొచ్చే గుణం కూడా వెంట పోతుందని. అందుకే అతను కొత్త తాళ్ళు తెచ్చి కట్టుకున్నాడు. పాతవి మా చావిట్లో మేకుకు తగిలించాను.

మధ్యాహ్నం ఫోను మోగింది. ఎడ్లను ఎక్కించుకెళ్తున్న బండిని దారిలో తనిఖీ వాళ్ళు ఆపారట. అవతల అధికారి కన్నడంలో గద్దించాడు. "మీ పంచాయతీ కాగితం మీ ఊళ్ళోనే చెల్లుతుంది. గోవధ చట్టం రాష్ట్రానిది. పశువుల డాక్టరు సర్టిఫికెట్ ఏది? పర్మిట్ ఏది? అయినా సేద్యపు ఎడ్లకు ఇంత కొత్త తాళ్ళేమిటి? ఎక్కడ ఎత్తుకొచ్చాడు?" కాస్త ఆగి, "సేద్యానికేనని మీరు పూచీ పడితే ఇప్పటికి వదులుతాను. కాగితాలు రేపు తెచ్చివ్వండి" అన్నాడు.

అవునండీ అంటే సరిపోయేది. తాళ్ళ సంగతి విప్పి చెప్పినా సరిపోయేది. రేపేదైనా అయితే నా మెడకు చుట్టుకుంటుందని భయపడ్డాను.

"ఏమోనండీ, అమ్మేశాక నాకేం తెలుసు?" అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "మీ అనుమానం పాడుగాను! తోలడం కళ్ళారా చూశారు కదండీ! ఆ మనిషి నోట్లో మట్టి కొట్టారు."

ఎడ్లను గోశాలకు తోలేశారు. పంచాయతీకి వెళితే మా చేతుల్లో లేదు, పైవాళ్ళని అడగమన్నారు. పైవాళ్ళ దగ్గరికి వెళితే కిందినుంచి రాయించుకు రమ్మన్నారు. అతనూ నేనూ తిరగని ఆఫీసు లేదు. చివరికి పన్నెండు రోజులకు ఎడ్లు అతని చేతికొచ్చాయి.

నాకు సిగ్గేసింది. ఆనవాయితీ ఏ గంగలో కలిస్తే నాకేం అనుకుని, వస్తున్నానని అతనికి ఫోన్ చేసి, పాత తాళ్ళు సంచిలో వేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. చేలో అతను నాగలి తోలుతున్నాడు. నేల ఎండిపోయి పెళ్ళలు లేస్తున్నాయి. నన్ను చూసి కూడా ఎడ్లను ఆపలేదు.

"విత్తనం వేస్తున్నావా తమ్ముడూ?"

"పదును ఏడుందన్నా, విత్తనమెయ్యనీకి? నువ్వొస్తున్నవని కట్టిన. సూస్కో, దున్నుతున్ననా లేదా."