ఫైలు మీద శ్రీ

రాజమండ్రిలో మా మేడ మీద గదిలో కూర్చుని, ఉద్యోగం పోగా మిగిలిన టైమంతా ఒక టెక్స్ట్ ఎడిటర్ మీద తగలేసేవాణ్ణి. పదిమందీ కలిసి ఉచితంగా తయారుచేసే ఎడిటర్ అది. అందులో హెక్స్ ఎడిటింగ్ అనే ప్రయోగాన్ని నేనే నెత్తికెత్తుకున్నాను. పాటైనా ఫొటో అయినా, ఏ ఫైలు లోపలైనా ఉండేది అంకెలే. ఎడమవైపు ఆ అంకెలు, కుడివైపు వాటికి సరిపడే అక్షరాలు చూపించి, నేరుగా మార్చుకోనివ్వడం దాని పని.

కుడివైపు తెలుగు కూడా టైపు చెయ్యగలగాలని నా పంతం. తోటి డెవలపర్లు ఎవరిక్కావాలని అడిగారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక అంకె చాలు, మన అక్షరానికి మూడు కావాలి, ఒత్తూ గుడీ ఉంటే ఇంకా ఎక్కువ. ఒకటి దిద్దితే పక్కది చెడేది. కీబోర్డు విరగ్గొట్టాలన్నంత విసుగొచ్చేది. చివరికి కుదిరింది. చేసిన మార్పు వెనక్కి తీసుకునే అన్‌డూ మాత్రం కుదరలేదు. ప్రయోగమే కదా అని నరసాపురంలో మా మావయ్య కంప్యూటర్లో వేసి, వాడి చూడమన్నాను.

వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. "ఒరేయ్, మీ అత్తయ్య పాట పలకట్లేదురా."

ఆ వీధిలో ఎవరింట పెళ్లయినా మంగళహారతి అత్తయ్య పాడాల్సిందే. గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఆవిడకి గుసగుస తప్ప రావడం లేదు. ఆపరేషన్‌కి ముందు మావయ్య రికార్డు చేసిన హారతి ఒక్కటే మిగిలింది. దానికి ఇంకో కాపీ లేదు.

బస్సెక్కి వెళ్లాను. జరిగిందేంటంటే, పాట మీద నొక్కితే, పాడే బదులు నా ఎడిటర్ తెరుచుకుంది. పాట పేరు రాసుకునే చోటు కాబోలనుకున్నాడు మావయ్య. ఏ కాగితం మీదైనా ముందు శ్రీ పెట్టందే కలం కదపని మనిషి. మొట్టమొదట శ్రీ కొట్టి, కరెంటు పోతుందేమోనని వెంటనే సేవ్ చేసేశాడు. ఇది పాట అని కంప్యూటర్‌కి చెప్పే అంకెలు సరిగ్గా అక్కడే ఉంటాయి. వాటిని తుడిచేసి శ్రీ కూర్చుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీదా, నా మీదా, అంత కష్టపడి కుదిర్చిన ఆ తెలుగు మీదా.

"శ్రీ చెరిపేసి, పాత అంకెలు మళ్లీ రాయాలి మావయ్యా. అక్కడ ఏముండాలో నాకు తెలుసు."

ఆయన మొహం మాడ్చుకున్నాడు. "శ్రీ చెరపకూడదురా. దాన్ని ఉంచి, నీ అంకెలు కిందెక్కడన్నా రాయి."

"కింద రాస్తే పలకదు."

"ఇంత చదివావు. వేరే దారేదో చూడు."

ఎంత చెప్పినా వినడే. లేచి మళ్లీ బస్సెక్కేద్దామనిపించింది.

కిటికీ దగ్గర లేసు అల్లుకుంటున్న అత్తయ్య లేచొచ్చి, స్క్రీన్ మీదికి వంగి ఏదో అంది. వినబడక ఇద్దరం దగ్గరికి జరిగాం.

"చెరిపెయ్యి నాన్నా. అది నా గొంతు."

చెరిపాను. మావయ్య కళ్లు మూసుకున్నాడు. రాయాల్సినవి రాసి, సేవ్ చేసి, ఈసారి పాటలు వినే ప్రోగ్రాంలో తెరిస్తే హారతి వినబడింది. అత్తయ్య పల్లవి అయ్యేదాకా నిలబడి విని, ఆపమని చెయ్యి చూపించింది.

"ఉందిగా," అంది. "చాలు."