గోడకు కట్టిన కట్టు

పుంగనూరులో మా తిమోతి మామను ఇప్పటికీ ‘గోడకు కట్టు కట్టిన కాంపౌండరు’ అంటారు. ఆ కట్టు ఆయన కట్టలేదు. నేను కట్టాను.

మామ మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి కాంపౌండరుగా ముప్పయ్యొక్క ఏళ్లు చేశాడు. పెద్దమండ్యం నుంచి, బి.కొత్తకోట నుంచి బండ్ల మీద వచ్చే కూలిజనం ఆయన చెయ్యే కావాలని కూర్చునేవాళ్లు. పుండు కడుగుతూ వాళ్ల ఆవుల గురించి అడిగేవాడు. ఏ ఆవు ఎన్ని పాలిస్తుందో చెప్పేలోగా కట్టు పూర్తయ్యేది. కట్లకు వాడిన గాజుగుడ్డను పారేయనిచ్చేవాడు కాదు. ఉడకబెట్టి, ఎండేసి, చుట్టలు చుట్టి రేకు డబ్బాలో దాచేవాడు. రిటైరయ్యాక ఆ డబ్బా ఆయనతోపాటే పుంగనూరు ఇంటికి వచ్చింది. వీధిలో ఎవరికి దెబ్బ తగిలినా అది తెరుచుకునేది.

1943లో జయశీల అత్తకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కూతురు ప్రేమకుమారి కుప్పంలో బడిపంతులమ్మ. ఆమె ఇంటి పక్కనే ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. గుమ్మానికి ఒక్క మెట్టయినా లేని ఇల్లు. అత్తను చక్రాల కుర్చీలో వీధిలోకి తోసుకుపోవచ్చు. ఆ ఇంటాయన జనవరి ఒకటి దాకా ఆగుతానన్నాడు. ఆలోగా పుంగనూరు ఇల్లు అమ్ముడుపోవాలి.

అమ్మిపెడతానని నేను గొప్పగా దిగాను. అప్పటికి నేను కాలేజీ మానేసి ఏడాది. ఉద్యమం కోసం మానేశాననుకున్నారు జనం. లెక్కలు రాక మానేశాను. వాళ్ల మాట మాత్రం దిద్దలేదు.

డిసెంబరు మాకు క్రిస్మస్, ఊరికి ధనుర్మాసం. కొనడం అటుంచి, ఆ నెలలో అమ్మకపు ఇంటి గడపైనా తొక్కరు. “నెల పోనీ నాయనా. నువ్వు కాళ్లకు బలపం కట్టుకోని తిరిగినా ఎవురూ రారు” అంది పక్కింటి రామలక్ష్మమ్మ.

ఒకడే వచ్చాడు. పెద్దతిప్పసముద్రం గంగప్ప, వేరుశనక్కాయల వ్యాపారి.

“మా పంచాంగంలో దినం లేకుంటే మీ పండగ ఉండాది కదప్పా! మీ దేవుడు పుట్టిన దినంకంటే మంచిది యాడుంటాది? ఆ పొద్దే ఆకువక్క పుచ్చుకోని బేరం కాయం చేసుకుందాం” అన్నాడు.

చిక్కంతా వెనక గదిలో ఉంది. వానలకు మిద్దె కారి గోడ నిలువునా చీలింది, చెయ్యి దూరేంత. పండక్కి ఎట్లాగూ ఇంటికి సున్నం కొట్టాలి. మామ చర్చికి తోరణాలు కట్టడానికి పోయిన పూట, డబ్బాలోని గుడ్డ చుట్టలన్నీ సున్నపు ముద్దలో ముంచి చీలికలో కూరాను. పైన మూడు పూతలు కొట్టాను. విరిగిన కాళ్లకు మామ కట్టే తీరు చూసి నేర్చిన పనే. గోడ అద్దంలా వచ్చింది. నన్ను నేనే మెచ్చుకున్నాను. అత్త మంచం ఆ గదిలోనే. ఆమె కళ్లు నా చేతుల వెంటే తిరుగుతుంటే అటు వీపు పెట్టి పనిచేశాను.

క్రిస్మస్ నాడు ఆరాధన ముగిసేసరికి గంగప్ప తమలపాకుల పళ్లెంతో దిగాడు. వీధివాళ్లు నలుగురు సాక్షులుగా చేరారు.

“గోడలు నేను తట్టి సూడను తిమోతప్పా. పండగ పూట మీరు అబద్ధమాడరు” అంటూ లోపలికి వస్తూ గడపకు తన్నుకున్నాడు. బొటనవేలు చిట్లి నెత్తురు కారింది.

మామ డబ్బా తెరిచాడు. అడుగు కనిపించింది. ఖాళీ డబ్బా పట్టుకుని నా వైపు చూశాడు, తర్వాత నా గోళ్ల వైపు. వాటిలో ఇంకా సున్నం ఉంది. వెనక గదిలోకి వెళ్లి, కాసేపటికి బయటికి వచ్చాడు. తన పండగ పంచె అంచు చించి, ముందు గంగప్ప వేలికి కట్టు కట్టాడు.

“ఆకువక్క తర్వాత. ఒకటి సూపిస్తా, రాప్పా.”

అందరినీ వెనక గదిలోకి తీసుకుపోయి, గోడ మీద వేలితో గీకి లాగాడు. సున్నం పెళ్లలు రాలాయి. గాజుగుడ్డ మూరలు మూరలుగా బయటికి వచ్చింది.

“ఓయబ్బా! మనుషులకు కట్టింది సాలక గోడక్కూడా కట్టినావా? ఎద్దు పుండుకు పేడ పూసి సంతలో అమ్మేవాళ్లను సూసినా. నువ్వు వాళ్లకు గురువుగదప్పా!” అన్నాడు గంగప్ప. అందరూ నవ్వారు. “నిజం చెప్పు, ఎవురు చేసిన పని ఇది?”

మామ నా వైపు చూడలేదు. “నేనే. కట్టు కట్టేది ఈ ఇంట్లో ఇంకెవురికొస్తాది?”

“మరి యాల సూపిస్తాండావు?”

“నీ వేలు సూసినాక మనసొప్పలేదు. తప్పైపోయిందప్పా.”

నా చేతిలో గంగప్పకోసం తెచ్చిన కాఫీ లోటా ఉంది. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. గంగప్ప మామ కట్టిన కట్టుతోనే కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

జనవరి ఒకటి దాటింది. కుప్పం ఇల్లు వేరేవాళ్లు కొనుక్కున్నారు. పుంగనూరు ఇల్లు ఫిబ్రవరి చివర, మాసి నెలలో, ఆ చీలికతోనే అమ్ముడుపోయింది. మామ కుప్పంలో అద్దె గదికి చేరాడు. వీధికి ఏడు మెట్ల ఎత్తున ఉంది ఆ గది.

ఈస్టరుకు, యుద్ధంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో అక్కడికి వెళ్లాను. నలుగురిలో నిజం చెప్పేస్తానని దారంతా అనుకున్నాను. ఆదివారం పొద్దున అత్తను చర్చికి తీసుకుపోవాలి. మామ భుజాలు పట్టుకున్నాడు, నేను కాళ్లు పట్టుకున్నాను.

“నిదానమప్పా, నాలుగో మెట్టు వంకర” అన్నాడు మామ.

అత్త కళ్లు నా మీదే ఉన్నాయి. నేను మెట్ల వైపు చూస్తూ దిగాను. కింద ప్రేమకుమారి, చర్చివాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఏడు మెట్లూ దిగాం. నేను చెప్పలేదు.