ఆరిపోయిన హారతి, నా గుండు

నవ్వండప్పా, బాగా నవ్వుకోండి. టోపీ తీయమని మాత్రం అడగొద్దండి. నలభై దాటినా ఒక్క తెల్లెంట్రుక లేని జుట్టు నాది! పెళ్లిచూపుల్లో హేమ నా జీతం కూడా అడగలేదు, ఈ జుట్టు చూసే సరే అనింది. అట్లాంటి జుట్టు మొన్న మా గృహప్రవేశం రోజు పొద్దున ఉండి మధ్యాన్నానికి మాయమైపోయింది. ఎందుకంటే... నాకే నమ్మకం కుదరడం లేదు, మీరెట్ల నమ్ముతారు?

చంద్రగిరి రోడ్డులో మా కొత్త ఫ్లాట్ తెలుసు కదా. ఇంటీరియర్ పని ఇంకా కొంచెం మిగిలుండాది. అయినా ముహూర్తం దాటిపోకూడదని బాడుగిల్లు ఖాళీ చేసి, తాళాలు ఓనరుకిచ్చేసి, సామాన్లు మినీ వ్యాన్లో వేసుకొని తెల్లారేసరికి దిగిపోయినాం. కిచెన్ మాత్రం ఫుల్ రెడీ. పొయ్యి పైన వరసగా కబోర్డులు, వాటి మధ్యలో పొగ పీల్చే నల్ల గ్లాసు చిమ్నీ! "లేటెస్ట్ మోడల్ సార్, సౌండే రాదు" అని బిగించినాయన ఇంకా ఏందో చెప్పబోతే, "మేం చూసుకుంటాంలేప్పా" అని పంపించేసినా.

పాలు పొంగినాయి. అందరికీ సంతోషం. ఫోన్లో నాదస్వరం, స్పీకర్లో ఫుల్ సౌండు. మా అత్త, అంటే హేమ వాళ్లమ్మ, బంగారుపాళ్యం నుంచి ముందురోజే వచ్చుండాది. ఆమె పొయ్యికి పసుపు, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి హారతి తిప్పింది. తిప్పిందో లేదో, టప్పుమని ఆరిపోయింది!

"అయ్యో, ఆరిపోయిందే!" అన్నాను.

"ఆరిపోయింది అనగూడదు నాయనా! కొండెక్కింది అనాల," అని కసిరింది.

గాలేమో అనుకొని కిటికీలు మూసినాం. ఫ్యాన్లు ఇంకా బిగించనే లేదు. మళ్లీ కర్పూరం వెలిగించి హేమ తిప్పింది. చక్కగా వెలిగింది. హమ్మయ్య అనుకున్నాం. "నువ్వూ ఒకసారి ఇయ్యి నాయనా" అని పళ్లెం నా చేతికిచ్చింది అత్త. నేను తిప్పినా. టప్! మళ్లీ కొండెక్కింది.

ఇంక చూడండి, చుట్టాలంతా నన్నే చూస్తా ఉండారు. నేను ఏమన్నా ఊదినానా? నోరు కూడా తెరవలేదబ్బా! ఒకాయన వాస్తు అన్నాడు, ఇంకొకామె దిష్టి అనింది. నాకు బుర్ర తిరిగిపోయింది. ఒకరికి వెలిగేదేంది, ఇద్దరికి ఆరేదేంది?

అత్త మాత్రం తేల్చేసింది. "ఏదో మొక్కు మిగిలుండాది. అది తీరేదాకా ఈ ఇంట్లో సామాను దించేది లేదు. యాడన్నా లాడ్జిలో ఉండండి."

కిందేమో వ్యాన్ డ్రైవరు ఒకటే హారన్ కొడతా ఉండాడు. పాత ఇంటికి తాళాల్లేవు, కొత్త ఇంటికి పర్మిషన్ లేదు!

"నాకే మొక్కూ లేదత్తా, ప్రమాణంగా," అన్నాను.

అప్పుడు హేమ నెమ్మదిగా, "నాకుండాది," అనింది.

"ఏం మొక్కుకున్నావు?"

"బ్యాంకు లోను శాంక్షన్ అయితే తలనీలాలు ఇస్తామని."

"ఎవురివి?"

"మీవే."

"నా జుట్టు నువ్వెట్ల మొక్కుకుంటావు మే? నాకు ఒక మాట చెప్పాలని తెలీదా?"

"చెప్తే ఒప్పుకుంటారా?"

"చస్తే ఒప్పుకోను!"

"అందుకే చెప్పలా."

ఇంకేముంది? కరెంటు మెయిన్ ఆపేసి, ఇంటికి తాళమేసి, పట్టుపంచెతోనే కొండ బస్సెక్కించినారు. కళ్యాణకట్టలో తల వంచి కూర్చున్నా. నా జుట్టు నా ముందరే కుప్పగా పడతా ఉంటే, గోవిందా అన్నానో అమ్మా అన్నానో నాకే తెలీదు. నిజంగా ఏడుపొచ్చిందప్పా.

తిరిగొచ్చి మెయిన్ వేసినాక అత్త సంతోషంగా నా గుండుకి మందంగా గంధం పూసింది. "ఇప్పుడు నువ్వే పొయ్యి వెలిగించు నాయనా, ఇల్లంతా చల్లగా ఉంటుంది," అనింది. అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించి, పుల్ల ఆర్పేదానికి చెయ్యి ఇట్లా ఊపినా. అంతే! తడి గంధం మీద జివ్వుమని చల్లగాలి!

తలెత్తి చూస్తే చిమ్నీ గ్లాసు మీద చిన్న నీలం లైటు వెలుగుతా ఉండాది. చెయ్యి ఊపినా, లైటు పోయింది, గాలి ఆగిపోయింది. మళ్లీ ఊపినా, లైటూ గాలీ రెండూ వచ్చినాయి. ఓరి నీ సెన్సార్ పాడుగాను! స్విచ్చే అక్కర్లేదు, చెయ్యి ఊపితే ఆన్, ఇంకోసారి ఊపితే ఆఫ్! అత్త హారతి తిప్పితే ఆన్ అయి ఆర్పేసింది, హేమ తిప్పితే ఆఫ్ అయింది, నేను తిప్పితే మళ్లీ ఆన్! నాదస్వరం మోతలో ఎవురికి వినిపిస్తుంది?

"అత్తా! మొక్కూ లేదు, ఏమీ లేదు! అంతా ఈ మిషన్ పనే!" అని అరిచినా.

హేమ పడీపడీ నవ్వుతా ఉండాది. అత్త మాత్రం చలించలేదు. "మిషనో, మనిషో! మొక్కు తీరిందా లేదా?"

నాకు మండిపోయింది. "ఇంకా ఏమన్నా మొక్కులుంటే ఇప్పుడే చెప్పు తల్లీ," అని హేమకి ఎగతాళిగా దండం పెట్టినా. నవ్వుతా ఉన్నది టక్కున ఆపేసి నేల చూపులు చూసింది.

"ఒకటుండాది. కార్పెంటర్ నెలల తరబడి రాకుండా సతాయించినాడు కదా... ఇంటీరియర్ పని మొత్తం పూర్తి చేసిపోతే..."

"పోతే?"

"ఇంకో గుండు."

ఎవురికని నేను అడగలేదప్పా.

ఇప్పుడు మా ఇంట్లో మిగిలిన పని వార్డ్‌రోబ్‌కి రెండే రెండు హ్యాండిల్స్. అవి బిగించేదాకా ఆ తలుపులు గరిటె కాడతో మీటి తెరిచి బట్టలు తీసుకుంటా ఉండాం. కార్పెంటరుకి ఏం బుద్ధి పుట్టిందో, నిన్నట్నుంచి "వస్తా సార్, వస్తా సార్" అని ఒకటే ఫోన్లు. నేనే ఎత్తడం లేదు.